మా ఇంటి బొందలగడ్డ

నా భర్తను మట్టిలో పెట్టిన రోజు నేను ఏడవలేదని మా ఆడబిడ్డ ఇప్పటికీ నలుగురిలో అంటుంది. అబద్ధమేమీ కాదు. కామారెడ్డి ఊరవతల శ్మశానానికి మేము పెట్టెతో చేరేసరికే జేసీబీ గుంత తవ్వేసి పక్కకు జరిగి నిలబడింది. డ్రైవరు పైన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. సంఘస్థులు పాట ఎత్తుకున్నారు. నేను మాత్రం అంచున నిలబడి గుంత లోపలి గోడలు చూస్తున్నాను. ఇనుప పళ్ళు గీరిన చారలు అలాగే ఉన్నాయి. ఒక మూల మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలుతోంది. మా తాతయితే పార అంచుతో ఆ గోడలను ఇల్లు అలికినంత నున్నగా చెక్కేవాడు.

"గోడలు జూస్తవేంది వదినా, మా అన్న మొఖం జూడు ఒక్కసారి" అంటూ ఆడబిడ్డ నా భుజం పట్టి కుదిపింది.

చూశాను. ఏమీ అనిపించలేదు. ఎవరో నీళ్ళు తాగించారు. పాపం షాక్‌లో ఉందన్నారు. షాక్ కాదు. నేను బొందలగడ్డ ఇంటి పిల్లను. చిన్నప్పుడు మా ఇంట్లో నేర్పింది అంతే.

మా ఊరు ఎల్లారెడ్డికి నడిచిపోయేంత దూరం. ఊరి చివర కాలువ, కాలువ దాటితే చెరుకు. ఇవతలి గట్టున మాకు ఎర్రమట్టి చెల్క ఉండేది. పేరుకు చెల్క గానీ అందులో జొన్న వేసినట్టు నాకు గుర్తు లేదు. మాకు బుద్ధి తెలిసేనాటికే సగానికి పైగా సమాధులు. మిగతా సగంలో సీతాఫలం చెట్లు. ఊళ్ళో వాళ్ళు దాన్ని మా ఇంటి పేరుతో కలిపి బొందలగడ్డ అనేవారు. మేం "మన చెల్క" అనేవాళ్ళం.

అది బొందలగడ్డ ఎట్లా అయిందో మా నాయనమ్మ చెప్పేది. ఆమెను మేము అవ్వ అనేవాళ్ళం. తాత వాళ్ళ నాయన మతం కలిసి కిరస్తానీ అయిన కొత్తల్లో ఊరికి గత్తర, అంటే కలరా, వచ్చింది. ఆయన భార్య ఒక్క పూటలో పోయింది. సొంత కులంవాళ్ళే దారికి అడ్డం నిలబడి, "మతం కలిసినవు, ఇగ మా బొందలగడ్డల నీకు జాగ లేదు" అన్నారట. మిషను వాళ్ళ సమాధుల తోట దూరం. బండి కట్టేవాడు లేడు. ఆయన భార్యను భుజానేసుకుని తెచ్చి, విత్తనం వేయడానికి దున్ని పెట్టుకున్న చెల్కలో ఒక మూల తవ్వి పెట్టాడు. ఆ గత్తరలోనే మరో ఇంటివాళ్ళు శవంతో వచ్చి గట్టు మీద నిలబడ్డారు. వాళ్ళనూ ఎవరూ రానియ్యలేదు. ఆయన రమ్మన్నాడు.

"గట్ల మొదలైంది. వచ్చినోళ్లను పొమ్మంటే మనకూ వాళ్లకూ తేడా ఏముంటది?" అనేది అవ్వ, మక్కలు ఒలుస్తూనో బియ్యంలో రాళ్ళు ఏరుతూనో. ఆమె ఖాళీ చేతులతో మాట్లాడగా నేను చూడలేదు.

తవ్వడం తాత పని, మా బాపు, అంటే మా నాన్న పని. కబురు రాగానే తాత తలకు తువ్వాల చుట్టి గడ్డపార భుజాన పెట్టుకునేవాడు. ఎండాకాలమైతే చెల్క రాయిలా ఉండేది. అవ్వా అమ్మా నేనూ బిందెలతో నీళ్ళు మోసి పోస్తే ఆ నేల నానేది. ఎండకు కాలిన ఎర్రమట్టి మీద నీళ్ళు పడ్డప్పుడు వచ్చే వాసన చాలామందికి వాన వాసన. నాకది ఎవరో పోయిన వాసన. నాకు భయం వేసేది కాదు, ఆకలి వేసేది. ఎందుకంటే పని అయ్యాక అందరం బావి దగ్గర నీళ్ళు పోసుకుని, ఇంటికొచ్చి వేడి గట్క, పచ్చిపులుసు తినేవాళ్ళం. ఆ రోజు కూర వండకూడదు.

ఒకసారి మా బడిలో చదివే ఒక పిల్ల వాళ్ళమ్మ పోతే, ఆ పిల్లను చూసి నాకూ ఏడుపొచ్చింది. అవ్వ నన్ను పక్కకు లాగింది. "ఏడ్సుడు వాళ్ల పని, నిలవడుడు మన పని. నువ్వు గూడ గట్లనే కూలవడితే ఆ పిల్లను పట్టుకునేదెవరు? పోయి పట్టుకో" అంది. వెళ్ళి పట్టుకున్నాను. అప్పటి నుంచి ఆ అలవాటు పడింది.

అల్లరి లేదని కాదు. మా సీతాఫలాలు ఊళ్ళో ఎవరూ ముట్టేవారు కాదు. సమాధుల మీద కాసినవని భయం. పండు మాత్రం పిడికిలి నిండా గుజ్జు. గడ్డిలో మాగేసి బడికి పట్టుకుపోయి అందరికీ పంచేదాన్ని. గింజలు ఊస్తూ బాగుంది బాగుంది అని తిన్నాక అవి ఎక్కడివో చెప్పేదాన్ని. ఒక పిల్లవాడు బడి వెనక్కి పోయి గొంతులో వేలు పెట్టుకున్నాడు. వాళ్ళ తల్లి మా వాకిట్లోకొచ్చి అరిచిపోయింది. అవ్వ నన్ను చీపురు తిరగేసి కొట్టి, ఆమె వెళ్ళాక కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నేను చెప్పాలనుకున్నది ఒక్క ఏడాది సంగతి. సీతాఫలాలు కన్ను విచ్చే రోజులు. చెరుకు కొట్టేవాళ్ళు మద్నూర్ అవతలి నుంచి లారీల్లో దిగారు. ఏటా వచ్చేవాళ్ళే. కాలువ గట్టున చెరుకాకుతో గుడిసెలు వేసుకుని, కోతలయ్యేదాకా ఉండి పోయేవాళ్ళు. మరాఠీ మాట్లాడేవాళ్ళు. ఆ ఏడు వాళ్ళలో నా ఈడు పిల్ల ఒకతి ఉంది. మా చెల్కలో చెట్టెక్కి కాయలు కోస్తుంటే పట్టుకున్నాను. దొంగతనం కోసం కాదు, కొమ్మ విరుగుతుందని కేకలేశాను. ఆమె దిగి, చేతిలో ఉన్న కాయల్లో పెద్దది నాకిచ్చింది. మా చెట్టు కాయ నాకే. అది నచ్చింది నాకు.

ఆమెకు తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు. గచ్చకాయలు ఆడటానికి మాటలతో పనేముంది? చెల్కలో ఒక పాత ఆసామి సమాధికి సిమెంటు చప్టా ఉండేది, అద్దంలా నున్నగా. దాని మీద కూర్చుని ఆడేవాళ్ళం. అవ్వ అటు వచ్చినప్పుడల్లా, "బతికున్నప్పుడు తన అరుగు తొక్కనియ్యకపోతుండె ముసలోడు. ఇయ్యాల నెత్తి మీద కూసోని ఆడుతున్నరు" అని నవ్వేది. ఆ పిల్లకు అర్థం కాకపోయినా అవ్వ నవ్వితే తనూ నవ్వేది. ముందు రెండు పళ్ళ మధ్య సందు ఉండేది.

వాళ్ళమ్మ పొడుగ్గా, చెరుకు గడలా ఉండేది. పొద్దు వాలాక కోత నుంచి వచ్చి మూడు రాళ్ళ పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసేది. నేను అక్కడ ఉంటే నాకూ ఒక రొట్టె. దాని మీద పచ్చిమిర్చి, ఎల్లిగడ్డ, పల్లీలు కలిపి దంచిన కారం. నోరు మండి నేను హా హా అంటుంటే ఆమె చెరుకు ముక్క ఒలిచి ఇచ్చేది. "తిను, తిను" అనేది. ఆమెకు వచ్చిన తెలుగు ముక్కల్లో అదొకటి. మా ఇంట్లో నన్ను అట్లా ఎదురుగా కూర్చోబెట్టి తినిపించే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

సమాధుల పండుగ వచ్చింది. మాకది పెద్ద పండుగ. సున్నం తడిపి సమాధులన్నిటికీ కొట్టాలి. ఆ పిల్ల కూడా కుంచె పట్టుకుని వచ్చింది. ఇద్దరం మోచేతుల దాకా తెల్లగా అయ్యాం. సాయంత్రం సంఘమంతా వచ్చి బంతిపూలు వేసి కొవ్వొత్తులు ముట్టించింది. ఆ ఎర్ర చెల్క ఆ ఒక్క పూట ఎవరిదో పెండ్లి వాకిలిలా ఉండేది.

తర్వాత చలి మొదలైంది. ఆ పిల్ల ఆటకు రాలేదు. జ్వరమన్నారు. ఊళ్ళో సూది వేయించారు. తగ్గలేదు. ట్రాక్టర్ మీద ఎల్లారెడ్డి తీసుకుపోతే, కామారెడ్డి పెద్దదవాఖానకు పొమ్మన్నారు. దారిలోనే పోయింది. అదే ట్రాక్టర్ వెనక్కి తిరిగి వచ్చింది.

తెల్లవారి ముకద్దం, అంటే ఆ కూలీల పెద్ద, మా వాకిట్లోకి వచ్చి తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల తండ్రి కొంచెం దూరంలో నేలమీద కూర్చున్నాడు. వాళ్ళ ఊరు దూరం, శవాన్ని లారీ ఎక్కించుకోరు. ఊరి బొందలగడ్డకు పోతే, ఎవరో ఏ కులమో తెలియదు, మా దాంట్లో వద్దన్నారట.

"మీ దగ్గర అందరికి జాగ ఇస్తరని చెప్పిండ్రు, బాపు" అన్నాడు వచ్చిన తెలుగులో, తాతతో.

తాత ఏదో అనబోయేంతలో మా సంఘపెద్ద వచ్చాడు. కబురు ఆయనకెలా తెలిసిందో. "ఇది సంఘం సమాధుల తోట. బాప్తిస్మం లేని పిల్లను పెడితే రేపు అందరూ వస్తరు. నేనొప్ప" అన్నాడు. మా కాక, అంటే బాపు తమ్ముడు, ఇంకో మాట ఎత్తాడు. "ఆయన సంగతి ఇడిసిపెట్టు. జాగ ఏది? ఉన్నవన్నీ ఎవలెవలికో చెప్పి పెట్టినయే. మిగిలింది కంచె పొంటి రాళ్లగడ్డ. అక్కడ గడ్డపార దిగదు, సందాల్దాక తవ్వాలె."

అవ్వ వాకిట్లో కూర్చుని మక్కలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"నా జాగ ఉంది గదా" అంది.

అవ్వ జాగ అందరికీ తెలిసిందే. మా బాపు కన్నా ముందు అవ్వకు ఒక ఆడపిల్ల పుట్టి, నడక వచ్చాక పోయింది. ఆ చిన్న రాయి పక్కన అవ్వ తనకోసం చోటు ఉంచుకుంది. పండుగకు సున్నం కొట్టేటప్పుడు ఆ ఖాళీ చోట కూడా గడ్డి పీకి శుభ్రం చేసేది.

"అది నీకు గదనే" అన్నాడు తాత. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

"నేను సచ్చినంక ఏడ పండవెట్టిండ్రో నాకెర్కనా? ఆ తల్లికి ఎర్క ఉంటది. ఇద్దరు ఆడిపిల్లలు పక్కపక్కన ఉంటరు తియ్యి."

"అవ్వా, సంఘం ఏమంటదో..." అన్నాడు పెద్ద.

"నా అత్తను పెట్టినప్పుడు సంఘం లేదు కొడుకా, చెల్కనే ఉండె. ఇంత తినిపో, పొద్దెక్కింది."

ఆయన తినలేదు, వెళ్ళిపోయాడు. తాత తువ్వాల చుట్టుకున్నాడు.

చిన్న గుంత. లోపల తాత ఒక్కడికే చోటు. బాపు మట్టి తట్టలు పైకి లాగితే నేను అందుకుని కుప్పపోశాను. మధ్యలో తాత ఆగి, "గోడ చూడు బిడ్డా, ఎటన్న వంకర ఉందా?" అని అడిగాడు. వంగి చూశాను. ఒకచోట వేరు పొడుచుకుని ఉంది. చెప్పాను. ఆయన దాన్ని కోసి, మళ్ళీ నున్నగా చెక్కాడు. ఆ గుంత ఎవరికోసమో నాకు తెలుసు. తెలిసీ, వేరు తగలకుండా ఉండాలన్న ఒక్క ధ్యాసే నాకు.

ఆ పిల్లను చెరుకు గడల పాడె మీద తెచ్చారు. వాళ్ళ పద్ధతిలో పసుపు, కుంకుమ, ఉప్పు వేశారు. వాళ్ళమ్మ కేక పెట్టి నేలమీద పడిపోతుంటే నేను వెళ్ళి పట్టుకున్నాను. ఆమె బరువంతా నామీద పడింది. చెరుకాకు వాసన, పొగ వాసన. పట్టుకునే నిలబడ్డాను. మా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మరాఠీలో నన్ను చూపించి ఏదో అనుకున్నారు. బహుశా ఈ పిల్ల ఏడవదేమిటి అని అయ్యుంటుంది.

ఆ రోజు గట్క రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. మిల్లుకు పోవలసిన లారీ ఆగి ఉందని కూలీలు మధ్యాహ్నానికే కోతకు దిగారు. ఆ తల్లి కూడా కత్తి పట్టుకుని చెరుకులోకి పోవడం మా వాకిట్లోంచి కనిపించింది. సాయంత్రం నేను ముసలాయన చప్టా మీద ఒక్కదాన్నే గచ్చకాయలు ఆడాను. ఆమె వంతు కూడా నేనే ఆడాను. ఆమె వంతు వచ్చినప్పుడు ఎడమచేత్తో ఎగరేశాను. ఆమెది ఎడమచేతివాటం.

కోతలయ్యి లారీలు వెళ్ళిపోయాయి. సంఘంలో కొందరు కొన్నాళ్ళు మాతో మాట్లాడలేదు. మళ్ళీ వాళ్ళ ఇళ్ళల్లోనూ అవసరం వచ్చింది. తాత పోయి తవ్వాడు. అదీ సర్దుకుంది.

మరుసటి ఏడు సీతాఫలాల కాలానికి లారీలు వచ్చిన పొద్దే ఆ పిల్ల తల్లి మా చెల్కకు వచ్చింది. అవ్వ చెంబుతో నీళ్ళిచ్చింది. ఆమె తన పిల్లను పెట్టిన చోట కూర్చుని, మట్టిని చేత్తో అటూ ఇటూ నిమిరి లేచింది. ఏడవలేదు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. ఎదురుగా నిలబెట్టుకుంది. నా నెత్తి మీద అరచేయి ఆనించి, ఆ చేయిని అట్లాగే తిన్నగా తన ఒంటి మీదికి తెచ్చి ఆనించింది. రొమ్ము కింద దాకా వచ్చాను. ఆ చోటును ఆమె వేలితో నొక్కి పట్టుకుని కాసేపు చూసుకుంది. తర్వాత గుడిసెల వైపు వెళ్ళిపోయింది.

నాకు అర్థం కాలేదు. అవ్వకు అయింది. "తన పిల్ల ఈ ఏడు గింత అవుతుండె అని చూసుకున్నది. నిలవడు బిడ్డా, ఎప్పుడొచ్చినా కదలకుంట నిలవడు" అంది.

నిలబడ్డాను. ఏటా లారీలు దిగాయంటే ఆమె వచ్చేది, నన్ను కొలుచుకునేది. ఒక ఏడు భుజానికి వచ్చాను. ఒక ఏడు చెవికి. నేను పెద్దమనిషినైన ఏడు నా జడ పట్టుకుని చూసి, తన సంచిలోంచి గాజులు తీసి తొడిగింది. నా చేతికి పట్టవేమో అనుకున్నాను. సరిగ్గా పట్టాయి.

మధ్యలో అవ్వ పోయింది. కాక అప్పుడన్నట్టే, మిగిలింది కంచె పొంటి రాళ్ళగడ్డే. తాతకు అప్పటికే చేతులు వణుకుతున్నాయి. బాపు, కాక పొద్దంతా తవ్వారు. తన పిల్ల ఒక చివర, అవ్వ ఒక చివర అయ్యారు. తాత గడ్డపార పట్టుకోలేక గట్టున కూర్చుని, "గోడలు మంచిగ చెక్కుండ్రిరా" అంటూ ఉన్నాడు, అంతే. మా ఇంట్లో ఎవరం ఏడవలేదు. ఆ ఏడు చెరుకు కొట్టేవాళ్ళు వచ్చినప్పుడు ఆమె అవ్వ కోసం ఇల్లంతా చూసింది. బాపు కంచె వైపు చూపించాడు. ఆమె రెండు చోట్లకీ మధ్య నిలబడి అటూ ఇటూ చూసింది. ఏమిచ్చారో అప్పుడు తెలిసిందనుకుంటాను. కంచె దగ్గరికి పోయి, అవ్వ మట్టి మీద పడి, తన పిల్ల పోయినప్పటికంటే గట్టిగా ఏడ్చింది. నేను పోయి పట్టుకున్నాను.

ఇప్పుడు చెల్కలో ఎవరినీ పెట్టడం లేదు. నిండిపోయింది. కొంత రోడ్డు కిందికి పోయింది. పంచాయతీ వేరే జాగ చూపించింది, అక్కడికీ మెషినే వస్తుంది. కాక కొడుకు గేటు పెట్టి తాళం వేశాడు. వాడు గాంధారిలో ఉద్యోగం చేసుకుంటాడు, పండుగకు మాత్రం వచ్చి తీస్తాడు. సీతాఫలం చెట్లు కొట్టేశారు. చెరుకు కూడా తగ్గింది, కాలువ కింద అంతా వరే. తాత గడ్డపార ఏమైందో ఎవరికీ తెలియదు.

ఆ తల్లిని నేను చివరిసారి చూసింది నా పెండ్లి కుదిరిన ఏడు. నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను. ఆమె వచ్చింది. తల నెరిసింది, వంగి నడుస్తోంది. చేట పక్కన పెట్టి లేచి, అలవాటుగా ఎదురుగా నిలబడ్డాను. ఆమె చేయి ఎత్తింది. నా నెత్తి అందడానికి మునివేళ్ళ మీద లేవవలసి వచ్చింది. చేయి ఆనించి, ఈసారి తన వైపు తెచ్చుకోలేదు. నా మొహంలోకి చూసింది. మెడలో పసుపు తాడు ఇంకా లేదు గానీ చేతులకు పసుపు ఉంది. అది చూసింది.

"బస్. మోఠీ ఝాలీ" అంది. చాలు, పెద్దదైంది అని.

నా రెండు బుగ్గలూ నిమిరి, వేళ్ళు తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. వెళ్ళిపోయింది. ఆ తర్వాత లారీలు వచ్చాయి, ఆమె రాలేదని బాపు చెప్పాడు. ఆమె పోయిందో, రావడం మానుకుందో ఎవరినీ అడగలేదు నేను.

మా మనుమరాలి పుట్టినరోజుకు మా అబ్బాయి ఆ పిల్లను తలుపు చెక్కకు ఆనించి నిలబెడతాడు. నెత్తి మీద స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీస్తాడు. పిల్ల నవ్వుతూ కదులుతుంటుంది. వాడు కదలకు కదలకు అంటుంటాడు. నేను ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోతాను. "ఎక్కడికమ్మా, చూడు ఎంత పెరిగిందో" అంటాడు వాడు. పొయ్యి మీద పాలు పెట్టినరా, పొంగుతయి అంటాను.